హైదరాబాద్ బోడుప్పల్‌లో పెరటి కోళ్లు: రంగు పిల్లలతో మొదలైంది, ఇప్పుడేం చేయాలి?

పెరటిగోడ | 12 నవంబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ తోటల ముచ్చట్లు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

దసరా సెలవుల్లో మా అమ్మాయి (ఏడేళ్లు) వారపు సంతలో ఏడ్చి మరీ నాలుగు రంగు కోడిపిల్లలు కొనిపించింది. ఒక్కోటి పది రూపాయలు. రెండు గులాబీ, ఒకటి పచ్చ, ఒకటి ఊదా. అట్టపెట్టెలో పాత లుంగీ పరిచి పెట్టాం. పచ్చది ఆ రాత్రే పోయింది, ఊదాది మూడో రోజు. గులాబీవి రెండూ బతికేశాయి. ఇప్పుడు ఆ రంగంతా రాలిపోయి తెల్లగా, కాళ్లు పొడుగ్గా అయ్యాయి. ఐదారు వారాల వయసుంటుంది.

ఇల్లు సొంతమే, నూట యాభై గజాలు. వెనక పన్నెండు బై తొమ్మిది అడుగుల మట్టి నేల ఉంది, అందులో ఒక కరివేపాకు చెట్టు, బోరు. పై పోర్షన్‌లో అద్దెకున్నారు. "గుడ్లు పెడితేనే ఉంచుతా" అంటోంది మా ఆవిడ. ఇవి గుడ్లు పెడతాయా? ఇంకో నాలుగు తెచ్చుకుని పద్ధతిగా పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో కోళ్లను చూశాను గానీ ఎలా పెంచేవారో గుర్తు లేదు. పొద్దున గంప ఎత్తితే ఉరికేవి, అంతవరకే తెలుసు.

ఊకబస్తా | 12 నవంబర్ 2024, రాత్రి 9:58

రంగు పిల్లలా? శుభాకాంక్షలు అన్నా. నీకు రెండు అలారం గడియారాలు దొరికాయి.

పశువైద్యం | 13 నవంబర్ 2024, ఉదయం 6:15

ఊకబస్తా వెటకారంగా అన్నా నిజమే చెప్పారు. గుడ్ల కోళ్ల హేచరీల్లో పుట్టిన పిల్లల్లో సగం మగవి. అవి గుడ్లు పెట్టవు, బ్రాయిలర్లలా కండ పట్టవు, కాబట్టి హేచరీకి వాటితో పని లేదు. వాటినే చవగ్గా కొని రంగు నీళ్లలో ముంచి సంతల్లో అమ్ముతారు. తడిసి, వేడి లేక, ప్రయాణంలో నలిగి చాలావరకు వారంలోపే చచ్చిపోతాయి. మీవి రెండు బతికాయంటే మీ అమ్మాయి బాగానే చూసుకుందన్నమాట.

ఆరు వారాలంటున్నారు కదా, తురాయి చూడండి. ఎర్రబడి, పెద్దదై నిలబడుతుంటే పుంజే. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మీవి పుంజులే. వాటి మీద ఆశ వదిలేసి, వాటి దగ్గరే కోళ్ల సంగతి నేర్చుకోండి. గుడ్ల కోసం వేరేవి తెచ్చుకుందురు గాని.

(ముప్పై ఏళ్లు పశువుల దవాఖానలో చేసి రిటైరయ్యాను. ఇక్కడ రాసేదాన్ని మందుచీటీ అనుకోకండి. జబ్బు పడ్డ కోడిని డాక్టరుకు చూపించండి.)

గోదారిగట్టు | 13 నవంబర్ 2024, ఉదయం 8:20

తమ్ముడూ, మాది రాజోలు దగ్గర, ఇరవై ఏళ్లుగా బెజవాడలో ఉంటున్నాం. ఇన్ని లెక్కలు ఎందుకయ్యా? రెండు నాటు పెట్టలు తెచ్చుకో. రాత్రి గంప కింద మూసి పైన రాయి పెట్టు, పొద్దున్నే తీసి గుప్పెడు నూకలు చల్లు. మిగతా తిండి అవే ఏరుకుంటాయి. నాటు కోడికి రోగం రొష్టు ఉండదు. మా తాత ఏనాడూ సూది వేయించలేదు.

మేడమీదతోట | 13 నవంబర్ 2024, మధ్యాహ్నం 1:05

గోదారిగట్టు గారూ, ఊళ్లో అయితే చుట్టూ ఎకరాల కొద్దీ గడ్డివాములు, పెంటదిబ్బలు ఉంటాయి. ఏరుకోవడానికి బోడుప్పల్‌లో నూట ఎనిమిది చదరపు అడుగుల్లో ఏముంటుంది? రెండు వారాల్లో గడ్డిపరక మిగలదు. మేత కొని పెట్టాల్సిందే.

నేను విశాఖలో మేడ మీద నాలుగు కోళ్లు పెంచాను. ఇప్పుడు లేవు. ఎందుకు లేవో చెబుతాను, మీకు పనికొస్తుంది. మొదటి వానాకాలంలో ఊక తడిసింది. నేను పట్టించుకోలేదు. మూడో రోజుకి కళ్లు మండేంత ఘాటు, ఈగలు, కింది ఫ్లాట్ వాళ్ల బాల్కనీ దాకా వాసన. అసోసియేషన్ మీటింగ్‌లో నా పేరు చదివారు. రెట్ట పొడిగా ఉంటే వాసన దాదాపు ఉండదు, తడిస్తేనే అమ్మోనియా లేస్తుంది. అందుకని గూట్లో ముందు చూసుకోవాల్సింది పైకప్పు, నీళ్ల గిన్నె ఎక్కడ పెడుతున్నామన్నది. గిన్నె గూడు బయట ఉంటే సగం గొడవ తీరినట్టే.

పై పోర్షన్ వాళ్లకు ముందే చెప్పండి. కోళ్లు వచ్చాక చెబితే అది వాళ్ల చెవికి క్షమాపణలా వినపడుతుంది.

పెరటిగోడ | 14 నవంబర్ 2024, రాత్రి 10:10

తురాయి చూశాను. రెండింటికీ ఎర్రగా, రంపంలా ఉంది. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

సరే, గుడ్ల కోసం అయితే ఏ జాతి? యూట్యూబ్‌లో కడక్‌నాథ్ అని ఒకటే ఊదరగొడుతున్నారు. ఎన్ని పెంచొచ్చు?

పశువైద్యం | 15 నవంబర్ 2024, ఉదయం 6:30

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. మాంసం కూడా నల్లగానే ఉంటుంది, అక్కడ దాన్ని 'కాలీ మాసీ' అనేది అందుకే. గుడ్లు తక్కువ, ధర ఎక్కువ. మొదటిసారి పెంచేవాళ్లకు వద్దనే అంటాను. అసీల్, అంటే మన పందెం కోడి జాతి, పిల్లల్ని బ్రహ్మాండంగా పొదుగుతుంది, గుడ్లు మాత్రం ఏడాదికి అరవై డెబ్బై మించవు. పైగా పుట్టుకతోనే కొట్లాటకోరు, చిన్న పెరట్లో ఇమడదు.

మీకు దూరం వెళ్లే పని లేదు. వనరాజా, గ్రామప్రియ రెండూ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారు చేసినవి. వనరాజా బరువు బాగా తూగుతుంది, గుడ్లు నూరు, నూట పది. గ్రామప్రియ కాస్త తేలిక, పెరట్లో సరిగ్గా మేపితే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. గుడ్డు గోధుమ రంగులో ఉంటుంది. మీ ఆవిడ షరతుకు గ్రామప్రియే సరిపోతుంది. రెండూ పొదుగుకు కూర్చోవడం అరుదు. ఊళ్లో దాన్ని లోపమంటారు గానీ మీకు అదే సుఖం.

ఒక్కో కోడికి గూట్లో నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి దానికి రెట్టింపు ఉండాలి. మీ స్థలానికి ఐదారు చాలు. మొదటిసారి కాబట్టి ఒక్క రోజు వయసు పిల్లల్ని తేవద్దు, నెల పిల్లల్ని తీసుకోండి. రోజు పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. బల్బు కింద గుంపుగా ముద్దకడితే చలి, గోడలకు అతుక్కుని నోళ్లు తెరిస్తే వేడి. రాత్రి కరెంటు పోతే పొద్దునకు ఏమీ మిగలవు. అదంతా మీకిప్పుడు ఎందుకు?

కరీంనగర్ కుర్రోడు | 15 నవంబర్ 2024, ఉదయం 9:12

గోధుమ రంగు గుడ్డుకు బలం ఎక్కువ కదా సార్? మా దగ్గర నాటు గుడ్డని చెప్పి పదిహేను రూపాయలకు అమ్ముతున్నారు.

పశువైద్యం | 15 నవంబర్ 2024, ఉదయం 9:50

పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, బలానికీ దానికీ సంబంధం లేదు. సొన రంగు మేతను బట్టి వస్తుంది. మొక్కజొన్న, ఆకుకూరలు తింటే చిక్కటి పసుపు. గోధుమ రంగు పెంకు చూపించి నాటు గుడ్డంటే నమ్మకండి. ఫారం కోళ్లలోనూ గోధుమ గుడ్లు పెట్టేవి ఉన్నాయి.

పెరటిగోడ | 18 డిసెంబర్ 2024, ఉదయం 5:20

టైం చూశారు కదా. పది రోజుల నుంచి ఇదీ వరస. పెద్దది నాలుగున్నరకు మొదలుపెడుతుంది, చిన్నది దానికి జవాబిస్తుంది. మొదట్లో గొంతు పగిలిన విజిల్‌లా ఉండేది, ఇప్పుడు సాధకం పూర్తయింది. పై పోర్షన్‌లో ఆయనకు నైట్ షిఫ్ట్, తెల్లారుజామున మూడింటికి వచ్చి పడుకుంటాడు. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర ఆపి చాలా మర్యాదగా "సార్, అవి ఆదివారం కూడా సెలవు తీసుకోవా?" అనడిగాడు. అరిచి ఉంటే బాగుండేది.

గూటికి నల్లగుడ్డ కప్పి చూశాను. ఐదు నిమిషాలు ఆలస్యమైందంతే.

టెక్సాస్ పచ్చిమిర్చి | 18 డిసెంబర్ 2024, ఉదయం 6:02

గుడ్డ కప్పడం వల్ల ఉపయోగం లేదండీ, వాటికి లోపలే గడియారం ఉంటుంది. ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్లలో పెరట్లో పెట్టలకు అనుమతి ఉంది, పుంజులకు లేదు. మా వీధిలో మూడు ఇళ్లలో కోళ్లున్నాయి, ఒక్క పుంజూ లేదు. పెట్ట గుడ్డు పెట్టాక ఓ ఐదు నిమిషాలు ఊరంతా చాటుతుంది, అది పగలే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. ఈ సంగతి మా అత్తగారికి నేటికీ నమ్మకం కుదరలేదు.

గోదారిగట్టు | 18 డిసెంబర్ 2024, ఉదయం 7:30

పుంజు కూయకపోతే తెల్లారదయ్యా అనేవారు మాకు. మీ పై పోర్షన్ ఆయనకి మాత్రం తెల్లారకపోతేనే మేలు.

పెరటిగోడ | 23 డిసెంబర్ 2024, రాత్రి 8:45

రెండింటినీ మా మామగారి ఊరు మోత్కూరులో వదిలి వచ్చాం. అక్కడ వాళ్లకు పొలం, పశువుల కొట్టం ఉన్నాయి. బస్సులో అట్టపెట్టెకు చిల్లులు పొడిచి తీసుకెళ్లాం, ఉప్పల్ దాటేదాకా ఊరుకుని ఘట్‌కేసర్ దగ్గర కూత మొదలుపెట్టాయి. బస్సంతా నవ్వులే. అమ్మాయి తిరుగు ప్రయాణంలో మాట్లాడలేదు. సంక్రాంతికి వెళ్లి చూద్దామని ఒప్పించాను. కోయవద్దని మామగారి దగ్గర మాట కూడా తీసుకున్నాను, ఆయన మాట మీద నిలబడతారనే నమ్మకంతో.

పెరటిగోడ | 8 జనవరి 2025, రాత్రి 9:15

కొత్త వార్త. ఎనిమిది గ్రామప్రియ నెల పిల్లలు వచ్చాయి, ఒక్కోటి నూట ఇరవై. "అన్నీ పెట్టలే" అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. గూడు నేనూ మా కార్పెంటరూ కలిసి చేశాం: ఆరు బై నాలుగు, పైన రేకు, చుట్టూ కోళ్ల జాలి, లోపల అడ్డంగా సర్వీ కర్ర. తొమ్మిది వేల నాలుగు వందలైంది. కింద కాళ్లు పెట్టాలనుకున్నాను గానీ కర్ర సరిపోలేదు, ప్రస్తుతానికి మట్టి మీదే పెట్టాం.

టీకాలు అన్నీ వేశామని చెప్పాడు. ఇంకేమైనా వేయించాలా?

గోదారిగట్టు | 8 జనవరి 2025, రాత్రి 9:40

వెల్లుల్లి, పసుపు దంచి నీళ్లలో కలిపి పెట్టు, చాలు. టీకాలు ఫారాలకి.

పశువైద్యం | 9 జనవరి 2025, ఉదయం 6:10

గోదారిగట్టు గారితో ఇక్కడ నేను కలవను. పసుపు పెట్టండి, తప్పు లేదు. కొక్కెర తెగులుకు మాత్రం అది మందు కాదు. అసలు ఆ తెగులుకు మందే లేదు, టీకా ఒక్కటే దారి. పచ్చటి నీళ్ల విరేచనం, నోరు తెరిచి శ్వాస, మెడ వంకర తిరగడం. అది వచ్చిందంటే మూడు నాలుగు రోజుల్లో గూడు ఖాళీ.

"అన్నీ వేశాం" అంటే ఏవి, ఎప్పుడు? కాగితం అడగండి. మామూలు వరస ఇది. గుడ్డు లోంచి వచ్చిన రోజే హేచరీలో మారెక్స్ జబ్బు టీకా. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో ఒక చుక్క లసోటా, అంటే కొక్కెర తెగులు టీకా. రెండో వారంలో గంబోరో జబ్బు టీకా. నాలుగైదు వారాలకు మళ్లీ లసోటా. ఆరో వారంలో కోళ్ల మశూచి టీకా, ఎనిమిదో వారం దాటాక మళ్లీ కొక్కెరకే ఆర్2బి సూది. మీ పిల్లలకు రెండో లసోటా టైం ఇదే. వేశారో లేదో తెలియకపోతే ఇప్పుడు వేయడమే మంచిది.

చిక్కల్లా ఒక్కటే. లసోటా సీసా వంద డోసులది. నీళ్లు కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి, దాచడానికి లేదు. మీకు కావలసింది ఎనిమిది చుక్కలు. మందుల షాపు నుంచి ఇంటికి ఐస్ వేసిన ఫ్లాస్కులోనే తేవాలి. దగ్గర్లో కోళ్లున్న ఇళ్లు ఇంకేమైనా ఉంటే ఒకే రోజు పెట్టుకోండి.

మేడమీదతోట | 9 జనవరి 2025, ఉదయం 10:22

గోదారిగట్టు గారూ, మీ తాతగారు ఏనాడూ సూది వేయించలేదన్నారు. ఏ ఏడూ కోళ్లన్నీ ఒకేసారి పోలేదా?

గోదారిగట్టు | 9 జనవరి 2025, రాత్రి 8:05

అడిగారు కాబట్టి చెప్తున్నా. పోయాయి. నాకు పదేళ్లప్పుడు ఒక వేసవిలో ఇరవై మూడు కోళ్లు నాలుగు రోజుల్లో పోయాయి. తాత "కొక్కెర వచ్చిందిరా" అని చెరువుగట్టు అవతల గొయ్యి తవ్వించాడు. మా నాయనమ్మ ఖాళీ గంపలు బోర్లించి వాటి మీద వడియాలు ఎండబెట్టింది. ఆ ఏడు మళ్లీ కోళ్లు తేలేదు. ఇన్నాళ్లూ దాన్నొక అరిష్టంలా అనుకున్నాను, టీకాతో ఆగేదని ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, టీకా వేయించు.

పెరటిగోడ | 12 జనవరి 2025, మధ్యాహ్నం 12:30

వేశాం! రెండు వీధుల అవతల ఒక పెద్దమ్మ పదకొండు కోళ్లు పెంచుతోందని పాలు పోసే అబ్బాయి చెప్పాడు. ఆవిడకు తెలిసిన ఇల్లు ఇంకోటి. మొత్తం ముప్పై రెండు కోళ్లు, ఒక సీసా, తలా కొంత వేసుకున్నాం. అమ్మాయి కోడిని చంకలో పెట్టుకుని తల పక్కకు తిప్పి పట్టుకుంది, నేను చుక్క వేశాను. చుక్క కంటి మీద ఒక క్షణం గాజుపూసలా నిలబడింది, అది రెప్ప వేయగానే లోపలికి పోయింది. రెప్ప వేసేదాకా వదలకూడదట, పెద్దమ్మ చెప్పింది. మొదటి రెండింటికీ నా చెయ్యి వణికి చుక్క ఈకల మీద పడింది, మళ్లీ వేశాను.

పెరటిగోడ | 2 ఫిబ్రవరి 2025, ఉదయం 7:50

ఒకటి పోయింది.

రాత్రి రెండు గంటలప్పుడు ఏదో అరుపు విన్నట్టు అనిపించి, పిల్లులేమోలే అని మళ్లీ పడుకున్నాను. పొద్దున టార్చి పట్టుకుని వెళ్తే ఏడు ఒక మూలన ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఎప్పుడూ నన్ను చూడగానే జాలి దగ్గరకు ఉరికేవి, ఒక్కటీ కదల్లేదు. రెండో మూల నేలలో నా పిడికిలి పట్టేంత కన్నం, దాని అంచున గోధుమ రంగు ఈకలు, ఒక కాలు. డ్రైనేజీ వైపు నుంచి తవ్వుకుని వచ్చింది. పందికొక్కు.

కాళ్లు పెట్టి ఉంటే ఇది జరిగేది కాదు. కర్ర సరిపోలేదని నేనే రాశాను, పైకి వెళ్లి చూస్తే కనబడుతోంది.

ఊకబస్తా | 2 ఫిబ్రవరి 2025, ఉదయం 8:30

అయ్యో అన్నా. అమ్మాయి చూసిందా?

మొదటి గూడు అందరమూ అట్లనే కడతాం. నాది పిల్లి పాలైంది. ఒకే రాత్రి నాలుగు. వెంటనే చేయాల్సింది చెప్తున్నా. ఆరు మూలల కంతలుండే ఆ పలుచటి జాలి కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది అంతే, లోపలికి వచ్చేవాటిని ఆపదు. పందికొక్కు పళ్లతో తెంపుతుంది, కుక్క పీకుతుంది. అరంగుళం కంతల వెల్డ్ మెష్, అంటే గట్టి ఇనుప జాలి తీసుకో. గూడు రెండడుగుల ఎత్తు లేపు, కాళ్ల కింద ఇటుకలు పెట్టు. ఎత్తలేకపోతే చుట్టూ అడుగు లోతు తవ్వి మెష్ పాతు, లేదంటే నేల మీద బయటి వైపుకు అడుగున్నర పరిచి రాళ్లు పెట్టు. అది గోడ వారన తవ్వుకుంటూ వస్తుంది, అడుగున్నర వెనక్కి పోయి తవ్వాలన్న తెలివి దానికి లేదు. గడియ కూడా మామూలు కొక్కెం వద్దు, ముంగిస తలతో నెట్టేస్తుంది. బోల్టు పెట్టు.

రాత్రి మేత గిన్నె బయట వదలకు. పందికొక్కు మొదట వచ్చేది మేత కోసమే, కోడి తర్వాత.

పెరటిగోడ | 2 ఫిబ్రవరి 2025, రాత్రి 9:30

చూసింది. కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టాం. ఇటుకలు, మెష్, బోల్టు అన్నీ ఈరోజే అయ్యాయి. 1,850.

కరీంనగర్ కుర్రోడు | 12 ఫిబ్రవరి 2025, ఉదయం 7:15

టీవీలో చూశారా? గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ. మా ఇంట్లో కోళ్లన్నీ ఇచ్చేయమని గొడవ. గ్రూపుల్లో ఏవేవో ఫార్వర్డులు. ఏం చేయాలి సార్? ఫుల్ టెన్షన్‌గా ఉంది.

పశువైద్యం | 12 ఫిబ్రవరి 2025, ఉదయం 8:00

తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్, నిర్ధారణ అయిన మాట నిజమే. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల కోళ్లను చంపి తీసేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. తీసేసిన కోళ్లకు పరిహారం ఉంటుంది, అందుకని దాచిపెట్టకండి. మీరు ఆ పరిధిలో లేరు. భయపడి ఇచ్చేయడం వల్ల కోళ్లు ఇంకో చోటికి పోతాయి తప్ప జబ్బు తగ్గదు.

ఇంట్లో చేయాల్సింది ఇది. కొన్నాళ్లు కోళ్లను బయట వదలకండి. కాకులు, పావురాలు మేత గిన్నె దగ్గరకు రాకుండా చూడండి. గూట్లోకి వెళ్లడానికి ఒక జత చెప్పులు వేరుగా ఉంచండి. చికెన్ మార్కెట్‌కు వెళ్లొచ్చిన చెప్పులతో లోపలికి పోకండి. కొత్త కోళ్లు తేవద్దు. ఒకటి రెండు ఉన్నట్టుండి చచ్చిపోతే చేత్తో ముట్టకుండా పశుసంవర్ధక శాఖ వాళ్లకు చెప్పండి. ఇక తినడం సంగతి: గుడ్డయినా మాంసమైనా 70 డిగ్రీలు దాటి పూర్తిగా ఉడికితే వైరస్ నిలవదు. మన కూర ఉడికే వేడి అంతకంటే ఎక్కువే. హాఫ్ బాయిల్ మాత్రం మానేయండి.

టెక్సాస్ పచ్చిమిర్చి | 14 ఫిబ్రవరి 2025, రాత్రి 11:48

ఇక్కడా అదే గోల. ఫ్లూ వల్ల గుడ్లు పెట్టే కోళ్లు కోట్లలో పోయాయి. కొట్లలో మనిషికి రెండు డజన్లకు మించి ఇవ్వం అని బోర్డులు. మా ఆయన నా ఐదు కోళ్ల వైపు కొత్త మర్యాదతో చూస్తున్నాడు.

పెరటిగోడ | 30 మార్చి 2025, సాయంత్రం 6:20

ఏడింట్లో రెండు పుంజులని తేలింది. మెడ మీద, తోక మొదట్లో కోసుగా మెరిసే ఈకలు వచ్చాయి. "అన్నీ పెట్టలే" అన్నాయన ఫోన్ ఎత్తడం లేదు. ఈసారి మోత్కూరు పంపలేదు. పాత పుంజుల్లో ఒకటి ఉగాదికి ముందే ఏమైందో మా మామగారు చెప్పడం లేదు, నేనూ అడగడం లేదు. ఈ రెండింటినీ పెద్దమ్మ తీసుకుంది. ఇక ఐదు పెట్టలు.

పెరటిగోడ | 24 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:40

అర్జెంటు. రేకు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. కోళ్లు రెక్కలు విప్పి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. ఒకటి పడుకుని లేవడం లేదు.

మేడమీదతోట | 24 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 2:47

లేవని దాన్ని ముందు నీడలోకి తెచ్చి కాళ్లు, పొట్ట వరకు మామూలు నీళ్లలో పెట్టండి. ఐసు నీళ్లు వద్దు. తల ముంచకండి. ముక్కు దగ్గర చుక్క చుక్కగా నీళ్లు తాగించండి, బలవంతంగా పోయకండి. రేకు మీద గోనెసంచులు వేసి తడపండి, ఇప్పుడే.

పశువైద్యం | 24 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:10

కోడికి చెమట పట్టదు, రొప్పడమే దాని ఫ్యాను. మధ్యాహ్నం మేత తీసేయండి, అరిగించుకునే వేడి కూడా దాని మీదే పడుతుంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక పెట్టండి. నీళ్లలో ఎలక్ట్రోలైట్ పొడి కలపండి. దొరక్కపోతే ఉప్పు లేని పల్చటి మజ్జిగ ఇవ్వండి.

పెరటిగోడ | 24 ఏప్రిల్ 2025, రాత్రి 8:00

లేచింది. కుంటుతూ వచ్చి పుచ్చకాయ తొక్క పొడిచింది. పై పోర్షన్ ఆయన వాళ్ల పాత కూలర్ ఫ్యాను తెచ్చి జాలి వైపు తిప్పి పెట్టాడు. సాయంత్రం డ్యూటీకి పోతూ పోతూ ఒకసారి చూసి వెళ్లాడు. రేకు మీద కొబ్బరాకులు కప్పాలి, రేపు తెస్తాను.

పెరటిగోడ | 3 జూన్ 2025, ఉదయం 9:05

గుడ్డు!!!

చిన్నది, నిమ్మకాయకు కొంచెం పెద్ద. పెంకు మీద సన్నని రక్తపు గీత ఉంది. గుడ్లకని గడ్డి పరిచి పెట్టిన బుట్టలో కాదు, నీళ్ల తొట్టి వెనక మట్టిలో పెట్టింది. మేత మార్చాలా?

పశువైద్యం | 3 జూన్ 2025, ఉదయం 9:30

అభినందనలు. కొత్త పెట్ట మొదటి గుడ్డుకు రక్తపు గీత మామూలే, రోజూ వస్తే చెప్పండి. ఇప్పుడు గుడ్ల కోళ్ల మేతకు మారండి. ఇన్నాళ్లూ అది పెట్టలేదు కదా? అందులో సున్నం పాళ్లు ఎక్కువ, ఎదిగే పిల్లల కిడ్నీలు పాడవుతాయి. విడిగా ఒక గిన్నెలో ఆల్చిప్పల పొడి ఉంచండి, ఎంత కావాలో అంతే తింటాయి. మూడు నెలలకోసారి నట్టల మందు మరిచిపోకండి.

బుట్టలో ఒక పింగాణీ గుడ్డో, పింగ్‌పాంగ్ బంతో పెట్టండి. చూసి నేర్చుకుంటాయి.

కరీంనగర్ కుర్రోడు | 19 ఆగస్టు 2025, రాత్రి 7:30

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా నాటు పెట్ట పొదుగుకు కూర్చుని లేవడం లేదు, కింద గుడ్లే లేవు. మా బామ్మ ముక్కులో ఈక గుచ్చమంటోంది. నాకు చేతులు రావడం లేదు.

ఊకబస్తా | 19 ఆగస్టు 2025, రాత్రి 7:55

ఈక వద్దు తమ్మీ, పాపం. అడుగున జాలి ఉన్న బోనులో, గడ్డి లేకుండా, గాలి తగిలేలా మూడు నాలుగు రోజులు ఉంచు. మేత, నీళ్లు పెట్టు. పొట్ట కింద చల్లబడితే మనసు మార్చుకుంటుంది.

గోదారిగట్టు | 19 ఆగస్టు 2025, రాత్రి 8:20

లేదా ఎవరి దగ్గరైనా పుంజున్న ఇంటి నుంచి పది గుడ్లు తెచ్చి పెట్టు. ఇరవై ఒక్క రోజులు. కూర్చుంటానన్నదాన్ని కూర్చోనీ.

మేడమీదతోట | 28 సెప్టెంబర్ 2025, ఉదయం 11:00

పెరటిగోడ గారూ, నాలుగు నెలలైంది. ఒకసారి లెక్క చెప్పండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అందరూ "లాభమా?" అనే అడుగుతున్నారు.

పెరటిగోడ | 28 సెప్టెంబర్ 2025, రాత్రి 9:20

డైరీలో రాస్తున్నది అమ్మాయే, చేతిరాత దానిది, కూడిక నాది.

జూన్ 61, జూలై 98, ఆగస్టు 104, ఈ నెల ఇప్పటికి 93. మొత్తం 356 గుడ్లు. ఒక్కో కోడి రోజుకు నూట పది గ్రాముల లెక్కన యాభై కిలోల బస్తా ఒకటి అయిపోయి, రెండోదానిలో పదిహేను కిలోలు తిన్నాయి. బస్తా 1,900. అంటే మేత 2,470, గుడ్డుకు ఏడు రూపాయలు. ఇంతవరకు బాగుంది. గూడు, మరమ్మతు, పిల్లల ధర, గుడ్లు మొదలయ్యే దాకా తిన్న మేత, మందులు అన్నీ కలిపితే ఇంకో 15,510. అది కూడా ఈ 356 గుడ్ల మీదే వేస్తే గుడ్డు యాభై రూపాయలు పడింది. గూడు పదేళ్లు నిలబడుతుందని మా ఆవిడకు చెప్పాను. "పదేళ్ల తర్వాత తింటాలే" అంది.

రెట్ట మాత్రం లెక్కలో వేయలేదు. ఎండుటాకులతో కలిపి మూడు నెలలు మాగబెట్టి చిక్కుడు పాదుకు వేశాను. మొదట తొందరపడి పచ్చిది వేస్తే ఒక వంగ మొక్క మాడిపోయింది. వానల్లో వాసన రెండుసార్లు వచ్చింది, తడిసిన ఊక ఆ రోజే తీసేసి కొత్తది పోస్తే పోయింది. పై పోర్షన్‌కు వారానికి ఆరు గుడ్లు, పెద్దమ్మ ఇంటికి టీకాల రోజున ఒక డజను.

ఊకబస్తా | 28 సెప్టెంబర్ 2025, రాత్రి 9:41

యాభై రూపాయల గుడ్డును ఆమ్లెట్ వేశారా, ఉడకబెట్టారా అన్నా?

పెరటిగోడ | 28 సెప్టెంబర్ 2025, రాత్రి 9:44

ఉడకబెట్టాం. అమ్మాయి పచ్చసొన తినదు. అది నాకే.